ఎడమవైపు కిటికీ

పోయిన నెలలో ఒకతను నా స్టూడియోకి వచ్చి ఫోన్ నా చేతికిచ్చాడు. మామ చనిపోయాడనీ, పదకొండో రోజుకి ఫోటో పెద్దది చేసి ఫ్రేము కట్టి ఇవ్వాలనీ చెప్పాడు. మార్కాపురంలో ఇరవయ్యేళ్ళకు పైగా ఫోటోలు తీస్తున్నాను. ఇలాంటి పని వారానికి ఒకటైనా వస్తుంది. పెద్దగా చూడకుండానే ఫోన్ అందుకున్నాను.

"ఎడమ కన్ను కొంచెం సరిచెయ్యాలన్నా," అన్నాడతను. "తెల్లగా కనపడతా ఉంది. ఆ కుడి కన్నునే తీసి ఇటుపక్క అతికిస్తే సరిపోతదంట గదా."

అప్పుడు చూశాను. మెడలో తువ్వాలు, మూడు రోజుల గడ్డం, ఎడమ కంట్లో తెల్లటి పువ్వు. ఆ మనిషి పోయినట్టు నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సినంత దగ్గరితనం నేనే మిగుల్చుకోలేదు.

ఆయన రేకు పని మేస్త్రి. గుద్దుకున్న కార్లకు, వ్యాన్లకు సొట్టలు తీసేవాడు. ఆయన గురించి మా ఊరి షెడ్లలో ఒక మాట ఉంది. ఒంటికన్ను మేస్త్రి ఒంటికన్ను బండి చేసినాడు అని. చూపు ఆనక ఒక బండిని వంకరగా చేసి పెళ్ళివాళ్ళ ముందు నవ్వులపాలయ్యాడని కథ. ఆ కథ అబద్ధం. ఆ బండి వంకర కాదు. ఆ మాట మొదట అన్నది నేను. అబద్ధమని తెలిసే అన్నాను. ఆరేళ్ళుగా దాన్ని అలాగే తిరగనిచ్చాను.

కంభం రోడ్డులో లారీ షెడ్లన్నీ దాటాక చివర్లో ఉండేది ఆయన చోటు. నాలుగు రాతి స్తంభాలు, పైన రేకులు. బోర్డు లేదు. ఒక పాత బానెట్‌ను నిలబెట్టి దాని మీద సున్నంతో బాణం గుర్తు గీశాడు, అంతే. వయసులో నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. నేను చిన్నాయనా అనేవాణ్ణి, ఆయన అబ్బయ్యా అనేవాడు. చుట్టరికం ఏమీ లేదు. నా పాత కారు తలుపుకు గేదె కొమ్ము తగిలి సొట్ట పడితే మొదటిసారి వెళ్ళాను. ఆ తర్వాత పని ఉన్నా లేకున్నా వెళ్ళి, ఆయన పక్కకు జరిపి ఇచ్చే పాత టైరు మీద కూర్చునేవాణ్ణి.

కుర్రతనంలో ఆయన రేకు పెట్టెలు చేసేవాడట. పెళ్ళికూతుళ్ళకు చీరలు పెట్టి పంపే ఆకుపచ్చ పెట్టెలు. ఆ రోజుల్లోనే ఇనుము సానబెడుతుంటే రవ్వ ఎగిరి ఎడమ కంట్లో పువ్వు వేసింది. "ఆ కన్ను పోయినాకనే నాకు పని వచ్చింది," అనేవాడు. నిజంగానే ఆయన సొట్టను కంటితో చూసేవాడు కాదు. మా ఊళ్ళో పలకల ఫ్యాక్టరీల దగ్గర రాయి కోసినప్పుడు రాలే మెత్తటి పొడి ఊరికే దొరుకుతుంది. దాన్ని గుడ్డలో మూటకట్టి, రేకు మీద తట్టి, అరచేత్తో ఒక్కసారి తుడిచేవాడు. పల్లం ఉన్నచోట పొడి నిలిచిపోతుంది. ఎత్తుగా ఉన్నచోట రేకు మెరుస్తుంది. అప్పుడు రెండు కళ్ళూ మూసుకొని, చెయ్యి తిరగేసి, వేళ్ళ వెనకవైపుతో నిమిరేవాడు. అరచెయ్యి మొద్దుబారింది, వెనక తోలు ఇంకా పసిది అని చెప్పేవాడు. ఆ తర్వాతే సుత్తి. నాలుగు దెబ్బలు, ఒక నిమురు. మళ్ళీ నాలుగు దెబ్బలు.

ఆయనకు లప్పమంటే పడదు. మిగతా షెడ్లలో సొట్టను సగం లేపి, మిగిలింది లప్పంతో పూడ్చి, పైన రంగు కొట్టేస్తారు. ఈయన గోరంత లప్పం కూడా ఏదో చెయ్యకూడని పని చేస్తున్నట్టు మొహం పెట్టి వాడేవాడు. నన్ను ఏడిపించడానికీ అదే తీసేవాడు.

"మీ స్టూడియోలో లప్పం డబ్బా ఎంతదుంది అబ్బయ్యా?"

"ఫోటోలకు లప్పమేంది చిన్నాయనా?"

"మా ఎదురింటి పిల్ల పెండ్లి ఫోటో చూసినాలే. మొటిమలు యాడ బోయినాయి? చెంప మీద ఆ గాటేది? అంతా లప్పం పూసి రంగు కొట్టినావు. ఎండాకాలం వస్తే పగులుతది, చూసుకో."

ఏ బండి షెడ్డుకు వచ్చినా ముందు దాని మొహంలోకి చూసేవాడు. కొత్త కార్లేవీ ఆయనకు నచ్చేవి కావు. "ఏందిరా ఈ మొకం? పొద్దున్నే పెండ్లాంతో కొట్లాడి వచ్చినట్టుంది," అనేవాడు. "అన్నీ కోపంగానే ఉండాయి. ఎవురి మీద కోపమో మరి. తోలేది మనమే గదా." వయసు కుర్రాళ్ళు వచ్చి ముందు కొమ్ములు పెట్టమనీ, వెనక తోక బిగించమనీ, సైలెన్సర్ పెద్దగా అరవాలనీ అడిగేవాళ్ళు. వాళ్ళను ఇంకో షెడ్డుకు పంపేసి, "పిల్లోళ్ళకు మంచి బండ్లు ఎవురూ చేసిపెట్టలేదు, వాళ్ళనేమని ఏం లాభం," అని గొణిగేవాడు.

ఆరేళ్ళ కిందట ఒక ఆదివారం హైదరాబాదులో పేవ్‌మెంటు మీద పాత విదేశీ పత్రికల కట్ట ఒకటి కొన్నాను. స్టూడియోలో వెనక తెరలకు ఏవైనా ఆలోచనలు దొరుకుతాయని. ఆ కట్టలో ఒక పల్చటి జపాన్ కార్ల పుస్తకం ఉంది. కంపెనీ వాళ్ళు కొనేవాళ్ళకు పంచే బొమ్మల పుస్తకం. ఆ భాషలో నాకు ఒక్క అక్షరం రాదు. కాని అలాంటి కార్లను నేనెప్పుడూ చూడలేదు. చిన్నవి, బిస్కెట్ డబ్బాల్లా చదరంగా, మూలలు మాత్రం సబ్బుబిళ్ళ అరిగినట్టు గుండ్రంగా ఉన్నాయి. లోపల సీట్లు సోఫాల్లా ఉన్నాయి. ఒకదాని పైకప్పు లోపలివైపు, నీళ్ళలో రాయి వేస్తే లేచే అలల్లాగా గీతలున్నాయి. ఏ బొమ్మలోనూ బండి వేగంగా పోవడం లేదు. ఎక్కడో ఆగి ఉంటుంది. ఇరవై, ఇరవై రెండేళ్ళ పిల్లలు నలుగురు దాంట్లో చేరగిలబడి నవ్వుకుంటూ ఉంటారు. అక్కడ కుర్రకారు కోసమే ప్రత్యేకంగా గీసి, వాళ్ళకే అమ్మే బండ్లని తర్వాత ఫోన్లో వెతికి తెలుసుకున్నాను. పోవడానికి కంటే, స్నేహితులతో కూర్చోవడానికి ఒక గదిలాగా చేశారట.

అప్పటికి మా వైపు కూడా పెళ్ళికి ముందు ఫోటోలు తీయించుకోవడం మొదలైంది. కంభం చెరువు కట్ట మీదికో, దోర్నాల దాటాక అడవి రోడ్డు మీదికో జంటలను తీసుకుపోతాం. అందరికీ అదే బుల్లెట్టు, అదే జీపు, అదే గొడుగు. ఇంకెవరి దగ్గరా లేనిది ఒకటి నా దగ్గర ఉండాలనుకున్నాను. ఆ పుస్తకం తీసుకొని మేస్త్రి దగ్గరికి వెళ్ళాను.

ఆయన చేతులు కిరోసిన్‌తో తుడుచుకొని, మళ్ళీ సబ్బుతో కడుక్కొని వచ్చి పుస్తకం పట్టుకున్నాడు. ఒక పేజీ దగ్గర ఆగిపోయాడు. పసుపూ ఆకుపచ్చా కలిసిన లేత రంగు బండి.

"పెసరపప్పు కడిగిన నీళ్ళ రంగు," అన్నాడు. "దీని మొకం చూడు అబ్బయ్యా. అప్పుడే నిద్ర లేచినట్టుంది. ఎవురి మీదా కోపం లేదు దీనికి." కింద ఉన్న అక్షరాల మీద వేలు పెట్టాడు. "ఏం రాసినారు ఈడ?"

"నాకేం తెలుసు చిన్నాయనా, జపాన్ భాష అది."

"'తోసుకోబాకండ్రా, అందరికీ చోటుంది' అని రాసుంటారులే," అని ఆయనే చెప్పుకున్నాడు.

ఒక మూలపడ్డ పాత వ్యాను కొన్నాం. అది ముందే డబ్బాలా ఉంటుంది కాబట్టి పని సులువనుకున్నాను. సులువు కాలేదు. ఆ జపాన్ బండికి ఒక విచిత్రం ఉంది. వెనక అద్దం ఎడమ మూల మీదుగా వంపు తిరిగి పక్కకు వచ్చి కిటికీతో కలిసిపోతుంది. కుడివైపు మూలలో మాత్రం గాజు లేదు, వెడల్పాటి రేకు. వెనక నుంచి చూస్తే ఒకవైపు కన్ను తెరిచి, ఒకవైపు మూసినట్టు ఉంటుంది. అచ్చుతప్పేమో అనుకున్నాను నేను. ఆయన ఒప్పుకోలేదు. రెండు రోజులు పుస్తకం ముందు పెట్టుకొని కూర్చున్నాడు. మూడో రోజు నాకు ఫోన్ చేసి రమ్మన్నాడు.

నన్ను వ్యాను స్టీరింగ్ ముందు కూర్చోబెట్టి, తను వెనక్కి వెళ్ళాడు. "మెడ తిప్పి చూడు. కుడిపక్క ఉండాను, కనపడినానా?" అని అరిచాడు.

"పక్క అద్దంలో కనపడుతున్నావు."

"ఇప్పుడు ఎడమపక్కకు వచ్చినా. కనపడినానా?"

ఎంత మెడ తిప్పినా ఎడమ మూల రేకు అడ్డం. కనపడలేదు.

"అదీ సంగతి," అంటూ వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. "తోలేవాడు కుడిపక్క కూర్చుంటాడు. వానికి ఎడమ మూలే గుడ్డిది. అందుకని ఆ మూలకు గాజు పెట్టినారు. కుడి మూలకు అక్కరలేదు గాబట్టి పెట్టలా. ఎవురో బాగా ఆలోచించినోడు చేసినాడు అబ్బయ్యా ఇది. వాణ్ణి చూడాలనుంది."

రెండు నెలలు పట్టింది. వంపు గాజు దొరక్క, బోర్డులు చేసేవాళ్ళు వాడే అక్రిలిక్ షీటు తెప్పించి వేడిచేసి వంచాడు. రెండు పగిలాయి, మూడోది నిలిచింది. ఎడమ మూలలో తీసేసిన రేకు బలం పోకుండా లోపల పైపు వేశాడు, ఆ బరువంతా కుడి మూల మోసేట్టు కట్టాడు. పూర్తయ్యాక మళ్ళీ నన్ను స్టీరింగ్ ముందు కూర్చోబెట్టి ఎడమ మూల వెనక నిలబడ్డాడు. తువ్వాలు ఊపాడు.

"కనపడినానా?"

"కనపడినావు చిన్నాయనా," అన్నాను. నిలువెత్తునా కనపడ్డాడు.

మొదటి పని గిద్దలూరు బట్టల దుకాణం వాళ్ళది. ఆ ఇంట్లో ఆ ఏడు మూడు పెళ్ళిళ్ళు. మొదటిది బాగా కుదిరితే మిగతా రెండూ నాకే వస్తాయి. కంభం చెరువు కట్ట మీద బండి నిలబెట్టాం. మేస్త్రి కూడా వచ్చాడు. రావాల్సిన పని లేదు. ఉతికిన చొక్కా వేసుకొని, బండి చుట్టూ తిరుగుతూ దుమ్ము తుడుస్తున్నాడు. పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ బండిని చూసి ఎంత మురిసిపోయారో చెప్పలేను. ఆ పిల్ల నేను చెప్పకముందే లోపలికెక్కి, ఎడమ మూల గాజు దగ్గర మోకాళ్ళు ముడుచుకొని కూర్చుంది. ఆ పుస్తకంలో పిల్లలు కూర్చున్నట్టే. నేను తీసిన మంచి ఫోటోల్లో అదొకటి. ఎవరికీ చూపించలేదు.

పెళ్ళికొడుకు పెదనాయన బండి వెనక్కి నడిచాడు. ఆ ఇంటికి ఆయన మాటే మాట.

"ఏంది సార్ ఇది? ఒకపక్క కన్నుంది, ఒకపక్క లేదు?"

"అది డిజైన్ సార్..." అని మొదలుపెట్టాను.

"డిజైనేంది? పెండ్లి కావాల్సిన పిల్లను ఒంటికన్ను దాంట్లో కూర్చోబెడతారా? బయటికి పోయేటప్పుడు ఒంటికన్ను మనిషి ఎదురైతేనే ఇంట్లోకి వచ్చి కాళ్ళు కడుక్కొని పోతాం మేము. ఎవురు చేసినారు ఇట్ల?"

పెళ్ళికూతురి తల్లి వచ్చి కూతుర్ని చెయ్యి పట్టుకొని కిందికి దింపేసింది. అందరూ నన్నే చూస్తున్నారు. పుస్తకం నా సంచిలోనే ఉంది. తీసి చూపిస్తే అయిపోయేది. కారణం చెప్తే, స్టీరింగ్ ముందు కూర్చోబెట్టి చూపిస్తే, ఆ పెద్దమనిషి ఒప్పుకునేవాడో లేదో. ఒప్పుకోకపోతే మూడు పెళ్ళిళ్ళూ పోయేవి. అంతకంటే, పెళ్ళికి అపశకునం తెచ్చినవాణ్ణి నేనవుతాను. నేను నవ్వాను.

"నేను రెండువైపులా పెట్టమనే చెప్పినా సార్. మా మేస్త్రికి ఉండేది ఒకటే కన్ను. తనకెన్ని ఉంటే బండికీ అన్నే పెట్టినాడు."

పెద్దాయన ముందు నవ్వాడు. తర్వాత అందరూ నవ్వారు. పెళ్ళికూతురి తల్లి కూడా నవ్వింది. నేను కెమెరా ఎత్తి, బండి ముందువైపు మాత్రమే పడేలా వాళ్ళను నిలబెట్టాను. వంగి చూస్తుంటే బండి కింద నుంచి అవతలిపక్క రెండు కాళ్ళు కనిపించాయి. అరిగిన చెప్పులు. ఆయన అక్కడే, ఎడమ గాజు దగ్గర, తుడుస్తూ ఉన్నాడు. కాసేపటికి ఆ కాళ్ళు కదలడం ఆగిపోయింది.

తిరిగి వచ్చేటప్పుడు మేస్త్రి నా పక్క సీట్లో కూర్చున్నాడు.

"పుస్తకం చూపిస్తే సరిపోయేది గదా అబ్బయ్యా," అన్నాడు కంభం దాటాక.

"పెద్దోళ్ళతో వాదన ఎందుకులే చిన్నాయనా. ఏదో నవ్వులాటకు అన్నా."

"ఊ," అన్నాడు.

కుడివైపు కూడా కిటికీ కొయ్యమని అడిగితే కోయనన్నాడు. "ఆ పక్క గూడా కోస్తే పైకప్పు దేని మీద నిలబడతది? బరువంతా దాని మీదనే పెట్టినా. నువ్వు చూసినావు గదా." నేను ఇంకో షెడ్డులో కోయించాను. రెండు కళ్ళ బండి అయింది. రెండో నెలలో యర్రగొండపాలెం వైపు ఒక షూటింగ్ నుంచి వస్తుంటే గతుకు రోడ్డు మీద పైకప్పు కుంగి, ఎడమ మూల అక్రిలిక్ పొడుగునా చీలింది. బండిని పాత ఇనుము వాడికి ఇచ్చేశాను. కుడి కిటికీ కోసినవాడు తప్పు తనది కాదన్నాడు. మొదట చేసినోడికి చూపు లేకపోతే నేనేం చేసేది అన్నాడు. అప్పటికే నా మాట కట్ట మీద నుంచి ఊళ్ళోకి వచ్చేసింది. డ్రైవర్లు టీ కొట్ల దగ్గర చెప్పుకొని నవ్వుతున్నారు. మంచి మాటే కదా చెప్పుకోవడానికి. చిన్నది, నవ్వొచ్చేది, ఎవరైనా గుర్తుపెట్టుకునేది. ఫోటోలు తీసేవాణ్ణి, జనానికి ఏది గుర్తుండిపోతుందో నాకు తెలుసు.

ఒకరోజు మధ్యాహ్నం ఆయన స్టూడియోకి వచ్చాడు. మా దగ్గర ఎవరూ చెప్పులు విప్పరు. ఆయన విప్పి వచ్చాడు. లోపల పాస్‌పోర్టు ఫోటోలకు వచ్చినవాళ్ళు ఇద్దరు కూర్చొని ఉన్నారు.

"అబ్బయ్యా, ఆ బొమ్మల పుస్తకం ఒకసారి ఇయ్యి. షెడ్ల కాడ నలుగురికి చూపించి మళ్ళా తెచ్చి ఇస్తా."

పుస్తకం నా మోకాలికి తగులుతున్న సొరుగులో ఉంది.

"అది యాడ పెట్టినానో చిన్నాయనా, కనపడలేదు. పాత కాగితాల్లో పోయిందేమో."

ఆయన నా మొహంలోకి చూశాడు. బండ్ల మొహాల్లోకి చూసినట్టే చూశాడు.

"పోతే పోయిందిలే. నీకు గుర్తుంది గదా? ఒక పక్కనే గదా గాజు ఉండేది? నువ్వు చెప్పినా చాలు. ఒక్కసారి షెడ్ల కాడికి వచ్చి చెప్పు."

ఇద్దరు మనుషులు వింటున్నారు. పెళ్ళివాళ్ళకు ఒకటి చెప్పి, ఇక్కడ ఇంకొకటి చెప్తే ఆ మాట గిద్దలూరు చేరడానికి ఎంతసేపు? ఆ ఇంట్లో రెండో పెళ్ళి వచ్చే వారమే.

"నాకు సరిగ్గా గుర్తులేదు చిన్నాయనా. చానా రోజులయింది గదా."

ఆ బండి తయారై మూడు నెలలు కూడా కాలేదు.

"అట్లనా," అన్నాడాయన. కోపం లేదు. నిలబడి, అలవాటుగా, వేళ్ళ వెనకవైపుతో నా కౌంటరు అంచును నిమిరాడు. "ఈడ లెవెల్ తప్పింది అబ్బయ్యా, చెక్క ఉబ్బింది. నీళ్ళు పడినట్టున్నాయి. చూసుకో," అని చెప్పి, చెప్పులు వేసుకొని వెళ్ళిపోయాడు. మళ్ళీ నా స్టూడియో మెట్లు ఎక్కలేదు.

నేనూ ఆ రోడ్డున పోవడం మానేశాను. కంభం వైపు పని పడితే చుట్టూ తిరిగి వెళ్ళేవాణ్ణి. ఆయనకు బండ్లు రావడం తగ్గిందని విన్నాను. కూలర్లకు రేకులు వేస్తున్నాడని విన్నాను. తర్వాత అదీ లేదన్నారు. మూడేళ్ళ కిందట దోర్నాలలో, శ్రీశైలం పోయే కార్లు ఆగే ఒక హోటలు ముందు, ఒకసారి కనిపించాడు. ఎవరితో వచ్చాడో తెలియదు. ఆగి ఉన్న ఒక కొత్త కారు తలుపును కళ్ళు మూసుకొని వేళ్ళ వెనకవైపుతో నిమురుతున్నాడు. హోటల్లోంచి కారు ఓనరు అరుస్తూ వచ్చాడు. "ఏయ్ ముసలాయనా, గీతలు పడతాయి, చెయ్యి తియ్యి." ఆయన చెయ్యి తీసేసి తువ్వాలుతో తలుపు తుడిచాడు. నేను నా కారులోనే ఉన్నాను. అద్దం పైకెత్తుకొని, వాళ్ళు పక్కకు జరిగేదాకా ఫోన్ చూస్తున్నట్టు కూర్చున్నాను.

ఫోటోలో ఆ కన్నును నేను సరిచెయ్యలేదు. ఉన్నది ఉన్నట్టే పెద్దది చేసి ఫ్రేము కట్టాను. అల్లుడు వచ్చేదాకా ఆగకుండా, ఫ్రేమూ, సొరుగులోని ఆ పుస్తకమూ తీసుకొని నేనే వాళ్ళింటికి వెళ్ళాను. కూతురు వరండాలో మిషను కుడుతోంది. తల్లి లోపల మంచం మీద పడుకొని ఉంది. పేరు చెప్పగానే ఆ అమ్మాయి నన్ను గుర్తుపట్టింది. ఆయన చెప్పేవాడట, ఫోటోల అబ్బయ్య అని. నా గురించి ఒక్క చెడ్డ మాట కూడా ఆ ఇంట్లో చెప్పినట్టు లేడు.

గొంతు తగ్గించి అంతా చెప్పాను. కట్ట మీద అన్న మాట, సొరుగులో దాచిన పుస్తకం, గుర్తులేదని చెప్పిన మధ్యాహ్నం. పుస్తకం తెరిచి ఆ పేజీ మిషను బల్ల మీద పెట్టాను. ఆమె బొమ్మను చూసింది. ఎడమ మూల గాజును చూసింది, కుడి మూల రేకును చూసింది. మిషను చక్రం మీద చెయ్యి అలాగే ఉంది.

"అంటే, మా నాయన సరిగ్గానే చేసినాడా?"

"సరిగ్గానే చేసినాడమ్మా. దీంట్లో ఎట్లుందో అట్లనే."

"మాతో చెప్పినాడు," అంది. "బొమ్మలో ఒకపక్కనే ఉండాదమ్మా, నాకు బాగా కనపడింది అని ఎన్నోసార్లు చెప్పినాడు. మేం నమ్మలా. కనిగిరిలో కళ్ళ డాక్టరుకు చూపిస్తే కుడి కన్ను బాగుందన్నాడు, అదీ నమ్మలా. ఊరంతా ఒక మాట అంటా ఉంటే ఆయనొక్కడు ఇంకోటి చెప్తే ఎట్ల నమ్మేది?" మిషను మీది గుడ్డ తీసి మడతపెట్టింది. "పొద్దున్నే షెడ్డుకు పోతానని లేచేవాడన్నా. నేనే చెప్పులు దాచిపెట్టేదాన్ని. నీకు కనపడదు నాయనా, మళ్ళా వంకర చేస్తావు, నలుగురూ నవ్వుతారు అని నేనే అన్నా. సుత్తులు గూడా నేనే అమ్మేసినా. ఆ పొద్దు ఏడ్చినాడు."

నేను వంగి పుస్తకం పేజీ మడత సరిచేశాను.

"నువ్వు ఇప్పుడు వచ్చి చెప్పినావు. నీకు బరువు దిగిపోయింది. నేను ఎవురి కాడికి పోయి చెప్పుకోవాల?"

లోపల మంచం కిర్రుమంది. ఆమె పుస్తకం మూసి నా వైపు జరిపింది.

"ఇదంతా రాస్తానమ్మా," అన్నాను. "పదిమందికీ తెలిసేట్టు, మీ నాయన పేరుతో రాస్తా. తప్పు నాదని రాస్తా."

"పేరు వద్దు."

"ఆయన పేరు నిలబడాలంటే..."

"ఇంక నిలబడి ఏం చెయ్యాల అది?" అంది. గొంతు పెంచలేదు. "పేరు రాస్తే చదివినోళ్ళు ఎవురో ఒకరు వచ్చి మా యమ్మకు చెప్తారు. ఆరేండ్లు ఆమె గూడా ఆయన్ను ఎన్ని మాటలంది. ఆయనకు చూపు లేక చేసినాడనుకుంటేనే ఆమెకు ఇంత అన్నం దిగతాంది. నువ్వు రాసుకోవాలంటే రాసుకో అన్నా. మా నాయన పేరు మాత్రం రాయబాక."

ఫ్రేము తీసుకొని లోపలికి వెళ్ళింది. పుస్తకం నాకే వదిలేసింది.

కాబట్టి పేరు రాయలేదు. కంభం రోడ్డు షెడ్లలో పనిచేసేవాళ్ళు ఇది చదివితే ఎవరి గురించో తెలుస్తుంది. వాళ్ళకు చెప్పాల్సింది ఇంతే. ఆ బండి వెనక ఎడమవైపు మాత్రమే గాజు ఉండాలి. మేస్త్రి అలాగే చేశాడు, ఎందుకు అలా ఉండాలో కూడా తెలుసుకొని చేశాడు. నేను స్టీరింగ్ ముందు కూర్చొని చూశాను. ఇకమీదట ఆ పాత మాట ఎవరైనా అంటే అది ఫోటోలవాడి అబద్ధమని చెప్పండి. కాని ఆ ఇంటివైపు వెళ్ళి చెప్పకండి. ఆ ఇంట్లో ఆయన భార్య ఇంకా తన భర్తకు చూపు ఆనలేదనే అనుకుంటోంది. అలాగే అనుకోనివ్వమని కూతురు అడిగింది.